పల్లికాయ బస్తాల గదిలో చిట్టెలుకలు: బోనులో ఎందుకు పడటం లేదు?

ప్రశ్న: యాసంగి విత్తనానికని పల్లికాయ బస్తాలు ఇంటి వెనక గదిలో వేశాం. చిన్న ఎలుకలు గోనెలు కొరికి కాయలు ఒలుచుకు తింటున్నాయి. ఇనుప బోనులో పల్లీలు పెట్టినా పడలేదు, మందు బిళ్లలూ ముట్టలేదు. చిన్నపిల్లలున్న ఇల్లు. ఏం చేయాలి?
– ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: ముందు పెంటికలు చూడండి. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుకలు, అరంగుళం ఉంటే పెద్ద ఎలుకలు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి చిట్టెలుకలే. పెద్ద ఎలుకల బోను కమ్మీల సందుల్లోంచి ఇవి సులువుగా బయటికి పోతాయి. పైగా గదినిండా పల్లీలుంటే బోనులో పల్లీ కోసం ఎందుకు వస్తాయి? బిళ్ల సంగతీ అంతే. తిన్నా నాలుగైదు రోజులకు గానీ చావవు, ఆ చావు కూడా బస్తాల మధ్యనే. పిల్లలున్న ఇంట్లో మందు వద్దనే నా సలహా. ఇప్పటికే పెట్టినవి లెక్కచూసి తీసేయండి.

చెక్క పలక మీద స్ప్రింగు కొట్టే చిన్న బోనులు ఎనిమిదో పదో ఒకేసారి కొనండి. ఒకటీ రెండూ పెడితే ఎలుకలు పెరిగే వేగానికి చాలవు. తల్లి మూడు వారాలకే ఈనుతుంది. రాత్రి గోడవారగా ముగ్గుపిండి పలుచగా చల్లితే తెల్లారేసరికి అడుగులు, తోక గీత కనపడతాయి. బోను పెట్టాల్సింది ఆ దారిలోనే. ఎర ఉన్న కొస గోడను తాకేలా అడ్డంగా, ఆరడుగులకొకటి. ఎరగా ఎండుచేప తల గానీ కాల్చిన కొబ్బరి ముక్క గానీ దారంతో కట్టండి, లేదంటే బోను పడకుండానే లాక్కుపోతాయి. గూటికి పనికొచ్చే దూదిపింజ కట్టినా వస్తాయి. రెండు రాత్రులు పడకపోతే చోటు మార్చండి. పిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి.

అదేరోజు బయటి సందులు మూయాలి. రాత్రి లోపల లైటు వేసి బయటినుంచి చూస్తే వెలుగు ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. పెన్సిలు దూరే సందుంటే చిట్టెలుక దూరుతుంది. ఉత్త సిమెంటు ఆరకముందే తవ్వేస్తాయి, అందుకే గిన్నెలు తోమే ఇనుప పీచు కూరి పైన సిమెంటు పూయండి. తలుపు కింద రేకు పట్టీ కొట్టించండి, కిటికీకి పావంగుళం కంటే సన్న జాలీ వేయండి.

బస్తాలు గోడకు అడుగున్నర ఎడంగా చెక్కబల్లల మీద వేయండి. ఎత్తు చిట్టెలుకను ఆపదు, అది అడుగెత్తు ఎగరగలదు. చుట్టూ తిరిగి చూసుకోవడానికే ఆ ఖాళీ. మూత బిగిసే రేకు డ్రమ్ములైతే ఇంకా మేలు, కానీ కాయలో తేమ 9 శాతం లోపుండాలి. లేకపోతే బూజు పట్టి మొలక దెబ్బతింటుంది. నీళ్లు దొరక్కుండా చేస్తే పోతాయనుకోవద్దు, ఎండు గింజతోనే ఇవి బతికేస్తాయి.

పెంటికలు పొడిగా ఊడవకండి. బ్లీచింగు నీళ్లు చల్లి, పది నిమిషాలాగి, చేతికి తొడుగు వేసుకుని తడిగుడ్డతో తీయండి. ముగ్గుపిండిలో వారంపాటు అడుగులు పడకపోతే బోనులు తీసేయొచ్చు, తలుపు దగ్గర రెండు మాత్రం ఉంచండి. బయటినుంచి తెచ్చే గోనెల్లో దాగి వస్తాయి కాబట్టి ఏ బస్తానైనా వాకిట్లోనే దులిపి లోపల వేయండి.