బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్‌కి అంత చిన్న వయసులో అంత పేరు ఎలా వచ్చింది? అతన్ని చూసి మా తమ్ముడు డిగ్రీ మానేస్తానంటున్నాడు

హైదరాబాద్ కేఫుల్లో ఓపెన్ మైక్‌లకి (ఎవరైనా వచ్చి పాడుకునే కార్యక్రమాలు) గిటార్ భుజానేసుకుని తిరుగుతుంటాను కాబట్టి నాకు తోచింది చెబుతాను. చదువు ఆపేసి లండన్ వెళ్లాడన్నది నిజమే. ఆ తర్వాత ఏం చేశాడన్నది మీ తమ్ముడు పట్టించుకున్నట్టు లేడు.

ఉండటానికి చోటు లేక తెలిసినవాళ్ల సోఫాల మీద పడుకుంటూ, 2009 ఒక్క ఏడాదిలోనే 312 షోలు చేశాడంటారు. వరసగా రెండు రాత్రులు పాడితేనే మూడో రోజు నాకు పై స్థాయి అందదు!

అన్ని షోలు ఎలా కుదిరాయంటే, బ్యాండ్ లేదు. గిటారూ, కాలి దగ్గర లూప్ పెడలూ, అంతే. గిటార్ చెక్క మీద చేత్తో దరువేసి, పెడల్ తొక్కితే ఆ దరువు తిరుగుతూనే ఉంటుంది. దాని మీద తీగలు, ఆపైన కోరస్, అన్నీ అక్కడికక్కడే. వచ్చిన కాస్త డబ్బు నలుగురికి పంచే పని లేదు. నేనూ సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. కాలు రవ్వంత ఆలస్యంగా పడితే చాలు, ఆ తప్పు పాటంతా వినబడుతూనే ఉంటుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టేలోపు జనం కబుర్లలో పడిపోతారు. అతని షోలు చూస్తే ఆ కాలు ఎంత సాధన చేసిందో తెలుస్తుంది.

2010లో ఎస్‌బీటీవీ అనే యూట్యూబ్ ఛానెల్‌లో అతని వీడియో వచ్చింది. అది ఎక్కువగా ర్యాపర్ల అడ్డా. మధ్యలో ఈ ఎర్రజుట్టు గిటార్ కుర్రాడు! 2011 జనవరిలో ఆ ర్యాపర్లతోనే కలిసి సొంతంగా ఒక ఈపీ (కొన్ని పాటల చిన్న ఆల్బమ్) వదిలితే బ్రిటన్ ఐట్యూన్స్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. పెద్ద కంపెనీ ఒప్పందం ఆ తర్వాతే. ఆ జూన్‌లో 'ది ఎ టీమ్' పాట బ్రిటన్ సింగిల్స్ చార్టులో 3వ స్థానంలో అడుగుపెట్టింది. నిరాశ్రయుల షెల్టర్‌లో పాడటానికి వెళ్లినప్పుడు విన్న ఒకమ్మాయి కథలోంచి పుట్టిన పాట అది. సెప్టెంబర్‌లో తొలి ఆల్బమ్ నంబర్ వన్. అప్పటికి ఇరవై ఏళ్లు.

అదృష్టం లేదనను. అమ్మానాన్నలది కళారంగమే, నాన్నే కచేరీలకి తీసుకెళ్లేవాడు. మన ఇళ్లలో అలా ఎంతమందికి కుదురుతుంది?

అంత పేరొచ్చాక కూడా 2025 ఫిబ్రవరిలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద నిలబడి పాడాడు (పోలీసులు వచ్చి వైరు పీకేశారు, అది వేరే సంగతి). అక్కడి కాన్సర్ట్‌లోనే శిల్పారావుతో కలిసి మన 'చుట్టమల్లే' కూడా అందుకున్నాడు.

మీ తమ్ముణ్ణి ముందు శని, ఆదివారాలు ఓపెన్ మైక్‌లకి పంపండి. సొంత పాటలతోనే. ఒక ఏడాది ఆగకుండా తిరిగితే, డిగ్రీ సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.