మోదుగకు జబ్బేం లేదు, ఆ మందు కొట్టకండి

ప్రశ్న: ఉద్యోగం మానేసి, నిరుడు వానాకాలంలో ఆదిలాబాద్ జిల్లాలో మూడెకరాల నల్లరేగడి కొన్నాను. శనగ వేశాను. గట్టు మీద ఉన్న ఆరు మోదుగ చెట్లు సంక్రాంతి దాటేసరికి ఆకంతా రాలిపోయి మోడుల్లా మిగిలాయి. రెండింటి కాండం నుంచి ఎర్రటి జిగురు కారుతోంది. మందుల షాపులో వేరుకుళ్లు అన్నారు. మొదట్లో పోయడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్, కొమ్మల మీద కొట్టడానికి క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు ఇచ్చారు. పూత వస్తే పక్షులు చేరి శనగ పాడుచేస్తాయని, చెట్లు కొట్టేయమని పక్క రైతులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇది వేరుకుళ్లు కాదు. మోదుగ ఏటా చలికాలంలో ఆకు రాలుస్తుంది. సన్నకొమ్మ మీద బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. కొమ్మల చివర నల్లటి మఖమల్ గుడ్డ చుట్టినట్టు మొగ్గలు కూడా కనిపిస్తాయి. మార్చి లోపు అవి విచ్చుకుని చెట్టంతా నారింజ రంగుకు తిరుగుతుంది. కొత్త ఆకు వచ్చేది ఆ తర్వాతే.

జిగురు కారుతున్న చోట గొడ్డలి గాటు గానీ, తీగ బిగించిన ఒరుపు గానీ ఉందేమో చూడండి. మోదుగ బెరడుకు గాయమైతే ఎర్రటి బంక రావడం సహజం. తీగ ఉంటే తీసేయండి. గాయం మీద బోర్డో పేస్టు పూస్తే చాలు: 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప పాత్ర వద్దు. కలిపిన రోజే పూయాలి.

క్లోరిపైరిఫాస్ మాత్రం చెట్టు మీద చుక్క కూడా పడనివ్వకండి. మోదుగ పూసే నెలల్లో, ఎండిన అడవిలో తేనె దొరికే చెట్లు తక్కువ. చిలుక ముక్కులా వంగిన మోదుగ పువ్వులోకి తేనెపిట్ట తల దూర్చినప్పుడు పుప్పొడి అంటుకుంటుంది, అదే మరో పువ్వుకు చేరుతుంది. గోరింకలు, ఉడతలు, తేనెటీగలు కూడా వస్తాయి. పూత మీద ఈ విషం చల్లితే చచ్చేది అవే. చెట్టును చూడకుండా, కొమ్మ తెమ్మని అడగకుండా రెండు డబ్బాలు అంటగట్టిన షాపు మాట ఎలా నమ్మారు? మందు కొనేముందు మండల వ్యవసాయ అధికారికి ఒక ఫొటో పంపాల్సింది.

ఇక పక్షుల సంగతి. జొన్న వేస్తే, గింజ పోసుకునేటప్పుడు చిలుకలు కొంత తింటాయి, కాదనను. కానీ మీ శనగకు అసలు శత్రువు శనగపచ్చ పురుగు. గోరింకలు, నల్ల ఏట్రింతలు ఆ పురుగుల్నే ఏరుకు తింటాయి. శనగలో పక్షులు వాలడానికి ఎకరాకు 20 కర్రలు పాతమని మేమే చెబుతాం. మీ గట్టు మీద ఆ పనికి ఇప్పటికే ఆరు చెట్లు ఉన్నాయి! పురుగు ఉద్ధృతి గమనించడానికి ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేవి) పెట్టండి. చిన్న పురుగులు కనిపిస్తే వేపనూనె 1500 పీపీఎం లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, సాయంత్రం పూట పిచికారీ చేయండి. తగ్గకపోతేనే ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ, లీటరుకు 0.4 గ్రాములు.

శనగ కోశాక పొట్టును ఆ గట్టు కింద తగలబెట్టకండి. ఇంకో నాలుగు చెట్లు కావాలంటే ఎండాకాలంలో రాలిన కాయలు ఏరండి. ఒక్కో కాయలో ఒకే గింజ, అదీ కొసన ఉంటుంది. నిల్వ ఉంచితే మొలక తగ్గుతుంది కాబట్టి ఆ తొలకరికే సంచుల్లో నాటండి.