టీమ్ లీడ్ అయిన మా పాపకి పెద్దనాయన రాసేది

పాపా,

నిన్న మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు, నిన్ను ఆ మొబైల్ స్టార్టర్, అదే ఫోన్‌తో చేని మోటార్ ఆన్ ఆఫ్ చేసే పెట్టె ప్రాజెక్టుకి లీడ్ చేసినారంట, జూన్ కల్లా సరుకు షాపుల్లో ఉండాలంట. మీ పెద్దమ్మకి చెప్తే లేచి పోయి దేవుని దగ్గర దీపం పెట్టొచ్చింది. నాకు మాత్రం ఒక పక్క గర్వం, ఒక పక్క దిగులు, రాత్రంతా నిద్ర సరిగ్గా పట్టలేదు. మోటార్ స్టార్టర్ల పనిలోనే తల నెరిసినోణ్ణి, ఇది నీకు రాయకుండా ఎట్లుంటా చెప్పు. పొడుగైతాది, ఓపిగ్గా చదువు.

మామూలు విషయాలు నీకు తెలుసు. ఏం చేయాలో కాగితం మీద పెట్టు, ఏ పని ఎవరిదో పక్కన పేరు రాయి, పొద్దున పది నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకోండి, మధ్యలో మార్కెటింగోళ్లు కొత్తది కావాలంటే 'సరే, దాని బదులు ఏది తీసేద్దాం' అని అడుగు. జూన్ అని ఎందుకన్నారో టీమ్ అందరికీ చెప్పు, విత్తనాల టైముకి షాపుకొచ్చిన రైతుకి మీ పెట్టె కనపడకపోతే పక్క కంపెనీది పట్టుకుపోతాడు, అది చెడిపోయేదాకా మళ్లీ మీ మొహం చూడడు.

ఇప్పుడు అసలు సంగతి. జియో రాకముందు సంగతి ఇది, నేనప్పుడు టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి, కంపెనీ పేరు వద్దులే. అప్పుడు మన సీమలో రైతులు రాత్రి కరెంటు వస్తే చీకట్లో చేనికి పోయి మోటార్ వేసేవాళ్లు, పాములు, తడి నేల, షాకులు, ఎన్ని ఇళ్లల్లో ఏడుపులు విన్నామో నీకు తెలియంది కాదు. ఇంట్లోనుంచే ఫోన్ చేసి మోటార్ ఆన్ చేసే పెట్టె అంటే మాకందరికీ ప్రాణం పెట్టి చేయాలనిపించేది. లోపలి సర్క్యూట్ బోర్డు చేసేవాళ్లు ఒక చోట, దాంట్లో ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక చోట, కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు కలిపి తెంపే పెద్ద స్విచ్చి), పెట్టె చూసేవాళ్లు ఇంకో చోట. వారం వారం మీటింగ్‌లో ఎవర్ని అడిగినా 90 శాతం అయిందనే వాళ్లు, పోయిన వారం 90, ఈ వారం 90. మనూళ్లో బోరు వేసేటప్పుడు 'ఇంకో యాభై అడుగులు పోతే నీళ్లు పడతాయి' అని లారీవాడు చెప్తాడు చూడు, అచ్చం అదే మాదిరి. మేనేజర్ ఆ అంకెలన్నీ కలిపి పైకి పంపించేవాడు, పైవాళ్లు సంతోషపడేవాళ్లు.

అన్నీ కలిపి ఒక పెట్టెలో పెట్టింది ఆఖరి నెలలో. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పని చేసింది. బెంగళూరులో టవర్ పక్కనే కదా. కళ్యాణదుర్గం అవతల చేనికి తీసుకుపోతే కథ మారిపాయ. అక్కడ టవర్ దూరం, సిగ్నల్ అందక మోడెం (సిమ్ వేసుకుని టవర్‌తో మాట్లాడే భాగం) ఫుల్ పవర్‌తో అరుస్తాది, అట్లా అరిచినప్పుడల్లా క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతాది, సెకనుకి 217 సార్లు. బోర్డు మీద సప్లై అంత తట్టుకోలేక వోల్టేజీ పడిపోయి మోడెం రీసెట్ అయ్యేది, అంటే ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. రైతు ఫోన్ చేస్తాడు, మోటార్ ఆన్ అయితాది, అయిందని తిరిగి మెసేజ్ రాదు, కాలేదనుకుని ఆయన మళ్లీ చేస్తాడు, ఈసారి ఆఫ్ అయితాది. చివరికి టార్చిలైటు పట్టుకుని చేనికే పోతాడు. ఏం లాభం ఆ పెట్టెతో? సప్లై మార్చాలంటే బోర్డు మళ్లీ గీయాలి, మళ్లీ చేయించాలి, మళ్లీ టెస్ట్ చేయాలి. ఆ సీజన్ పోయింది.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. మా టీమ్‌లో రాయదుర్గం వైపు పిల్లోడు ఒకడుండేవాడు. పండక్కి ఊరికి పోతా ఒక బోర్డు తీసుకుపోయి వాళ్ల చేన్లో పెట్టి చూసినాడంట, రీసెట్లు అప్పుడే చూసినాడు. అన్నీ అయిపోయినాక టీ కొట్టు దగ్గర నాతో చెప్పినాడు, "అన్నా, నాకు సంక్రాంతికే తెలుసు" అని. మరి ఎందుకు చెప్పలేదురా అంటే, అంతకు ముందు ఒకసారి ఏదో ఆలస్యమైతుందని మీటింగ్‌లో చెప్పినందుకు మేనేజర్ అందరి ముందూ 'నీలాంటోళ్ల వల్లే ప్రాజెక్టు మునుగుతాది' అన్నాడంట. ఇంక వాడు నోరు తెరవలేదు. సంక్రాంతికి చెప్పుంటే బోర్డు మార్చడానికి బోలెడంత టైముండేది పాపా. ఒక్క తిట్టుతో ఆ టైమంతా పోయింది.

ఆ తర్వాతన్నా సర్దుకున్నారా అంటే అదీ లేదు, పక్క టీముల్లోంచి మనుషుల్ని తెచ్చి నింపినారు. ఐబీఎం కంపెనీలో ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ పని నడిపిన బ్రూక్స్ 1975లోనే చెప్పినాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలోకి మనుషుల్ని దింపితే ఇంకా ఆలస్యమైతాదని. ఐదుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45. కొత్తోళ్లకి నేర్పించేది పాతోళ్లే, వాళ్ల పని ఎవరు చేయాల?

కాబట్టి నువ్వు మొదటి నెలలోనే, ఎంత అందవికారంగా ఉన్నా సరే, వైర్లు వేలాడుతున్నా సరే, మొత్తం కలిపి ఒక పెట్టె చేయించు. టవర్‌కి దూరంగా ఉండే చేన్లో పెట్టించు, మన చీనీ తోటలో పెట్టుకో, నేను చూసుకుంటా. పెనుకొండ దగ్గర కియా వాళ్లు 2017 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుని 2019 ఆగస్టుకి సెల్టోస్ కారు అమ్మకానికి తెచ్చినారు కదా, 2019 జనవరిలోనే ట్రయల్ ప్రొడక్షన్ మొదలుపెట్టినారు, అమ్మే రోజు దాకా ఆగలేదు. శాతాలు మాత్రం ఎవర్నీ అడగొద్దు. అయిందా కాలేదా, అయితే నా ముందు నడిపించి చూపించు, అంతే. కాలేదని చెప్పినోణ్ణి ముందు కూర్చోబెట్టి, ఏం కావాలో అడుగు, మంచి పని చేసినావని మీటింగ్‌లో అందరి ముందే చెప్పు. మొదటిసారి నీ మొహం ఎట్లా మారుతుందో అందరూ చూస్తా ఉంటారు.

నీ మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. పదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి నలుగురి చార్టులూ నువ్వొక్కదానివే రాత్రంతా కూర్చుని గీసి, పొద్దునకి జ్వరంతో పడినావు, మీ జేజి మూడు రోజులు నీ తల పక్కనుంచి లేవలేదు. ఇప్పుడూ అదే చేస్తావని నా భయం. ఎవరో చేయలేదని వాళ్ల కోడ్ నువ్వు రాత్రి కూర్చుని రాస్తే వాళ్లు నేర్చుకోరు, నువ్వు లీడ్ పని చేయవు, రెండూ చెడతాయి. అర్థరాత్రి దాకా పని చేసి తెల్లారుజామున హైవే మీద కారేసుకుని అనంతపురం వస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. రైల్లో రా, నిద్రపోతా రా బంగారూ.

మోడెం, కాంటాక్టర్ లాంటి బయటి నుంచి రావాల్సిన సామాన్లు ఏవేవో, ఒక్కోటి రావడానికి ఎన్ని వారాలు పడతాదో ఈ వారమే తెలుసుకుని ఆర్డర్ పెట్టించు. 2జీ మోడెం మాత్రం వద్దు, జియోలో 2జీ లేదు, రైతు ఆ సిమ్ వేస్తే మీ పెట్టె పలకదు. ఆ లిస్టు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం ఫోన్‌లో ఒక్కోటీ చూద్దాం.

ఇట్లు,
పెద్దనాయన