ఆకుల చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా బిడ్డ హన్మకొండలో బీఎస్సీ బీజడ్‌సీ ఫైనలియర్. ఔషధ మొక్కల ఆకుల్లో ఏ పదార్థం మందుగా పనిచేస్తుందో కనిపెట్టే చదువు చదువుతానంటోంది. బాటనీ మేలా, కెమిస్ట్రీ మేలా? అదీ ఇదీ కాకుండా ఆన్‌లైన్‌లో డాకింగ్ కోర్సు చేయిస్తే నయమా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, పెండ్లిళ్ళలో చుట్టాలు ‘బిడ్డ ఏం చదువుతాంది’ అంటే ఏం చెప్పాలన్నదే మీ దిగులు. చెప్పండి: అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు తయారైంది, మా బిడ్డ అలాంటి పని నేర్చుకుంటోందని.

డాకింగ్ అంటే ఒక పదార్థం రోగానికి సంబంధించిన ప్రొటీన్‌కు ఎంత బాగా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా కట్టడం. దాని మీద నాకు నమ్మకం తక్కువ. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చూడండి. ఆకు సారాన్ని జీసీ-ఎంఎస్ అనే, పదార్థాలను ఆవిరి చేసి విడగొట్టి గుర్తించే మిషన్‌లో పెడతారు. తెలిసిన పదార్థాల కంప్యూటర్ లైబ్రరీతో పోల్చగా వచ్చిన పేర్లన్నీ డాకింగ్‌లో వేసి, స్కోరు బాగా వచ్చినదే మందంటారు. ఆవిరి కాని పదార్థాలు ఆ మిషన్‌కు దొరకనే దొరకవు. లైబ్రరీ చెప్పిన పేరు కూడా అంచనాయే. ఆకులో ఉందో లేదో తేలని దానికి స్కోరెందుకు? డాకింగ్ చెడ్డదని కాదు, ల్యాబ్‌లో చెయ్యి తిరిగాక నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్ కోసం ముందే ఫీజు కట్టకండి.

అసలు పని ఓపికతో కూడుకున్నది. నీడన ఆరిన ఆకుపొడి నుంచి సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో మిథనాల్‌తో సారం తీస్తారు. మేయర్స్ రియేజెంట్ అనే పరీక్ష ద్రావణం వేస్తే మీగడ రంగు మడ్డి దిగుతుంది. వాసిసిన్ లాంటి ఆల్కలాయిడ్లు (మొక్కల్లోని నత్రజని ఉన్న పదార్థాలు) ఉండొచ్చని అర్థం. చాలా ప్రాజెక్టులు అక్కడే ఆగిపోతాయి. నిజానికి అక్కడి నుంచే సారాన్ని కాలమ్ అనే గొట్టంలో పోసి విడగొట్టి, ఒక్కో భాగాన్నీ బ్యాక్టీరియా మీదో కణాల మీదో పరీక్షించాలి. పనిచేసిన భాగాన్ని మళ్ళీ విడగొడుతూ పోయి, శుద్ధమైన పదార్థం చేతికొచ్చాక ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రాలతో దాని నిర్మాణం తేల్చాలి.

అందుకే ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటాను. కాకతీయలో గానీ ఉస్మానియాలో గానీ చేరవచ్చు. మందులోని పదార్థాలను విడగొట్టి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద పట్టుంటే ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో దారులుంటాయి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధనలో మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఉంది. ఖాళీగా కూర్చునే చదువు కాదిది, ధైర్యంగా ఉండండి. కాకపోతే ఎమ్మెస్సీ రెండో ఏడు నుంచే ‘జీతమెప్పుడు’ అని ఆమెను సతాయించకండి. ఆ మాటకే మంచి పిల్లలు మధ్యలో మానేస్తున్నారు.

ఈ ఏడాది ప్రాజెక్టుకు తెచ్చే మొక్కను మాత్రం ముందు బాటనీ సారుకు చూపించి, పేరు ఖాయం చేసుకుని, హెర్బేరియం షీటు (ఆరబెట్టి కాగితానికి అతికించిన మొక్క నమూనా) పెట్టమనండి.