గ్రీన్ కార్డుకి ఒకసారి వేశాక అమ్మానాన్నల విజిటర్ వీసా రెన్యువల్

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి ఈమధ్యే డాలస్ వచ్చిన ఒక చెల్లి ఫోన్ చేసి అడిగింది. "అక్కా, మా అమ్మానాన్నల పదేళ్ల వీసా అయిపోవస్తోంది. అన్నయ్య సిటిజన్ అయ్యాక వాళ్లకి గ్రీన్ కార్డు పిటిషన్ వేశాడు. తర్వాత నాన్న ససేమిరా రానన్నారు. అది అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ విజిటర్ వీసా ఇస్తారా? ఆ పిటిషన్ మాట ఫారంలో రాయకుండా వదిలేయమంటున్నారు ఇక్కడి ఫ్రెండ్స్."

వదిలేయకు తల్లీ. ముందు ఈ ఒక్క మాట చెప్పాకే మిగతావి. నేను అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మాదీ పర్లాకిమిడే. మా అమ్మానాన్నలకి సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా చదువుకోండి. మన ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. విజిటర్ వీసా అడిగే ప్రతి మనిషినీ, స్థిరపడిపోవడానికే వస్తున్నాడని మొదట అనుకోమంటుంది. కాదని ఆఫీసర్‌ని ఒప్పించుకోవాల్సిన బాధ్యత మనదే. హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగ వీసాల మీద వచ్చిన పిల్లలకి ఇది తెలియకపోవడానికి కారణం ఉంది. ఆ రెండు వీసాలకీ ఈ నియమం వర్తించదు. మీ కంపెనీ గ్రీన్ కార్డుకి వేసినా మీ వీసా స్టాంపింగ్ ఆగదు. అదే లెక్క అమ్మానాన్నలకీ పనిచేస్తుందనుకుంటారు, పనిచేయదు.

అలాగని పిటిషన్ ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వరనీ కాదు. అలాంటి నిషేధం చట్టంలో ఎక్కడా లేదు. ఒకప్పుడు స్థిరపడాలని అనుకున్నారు, ఇప్పుడు చూసి వెనక్కి వస్తామంటున్నారు, ఈ మాట నమ్మవచ్చా? ఆఫీసర్ తూచేది ఇంతవరకే. దాచారంటే మాత్రం వ్యవహారం వేరు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెబితే జీవితాంతం అమెరికాలో అడుగు పెట్టకుండా చేసే సెక్షన్ వేరే ఉంది. రేపు వాళ్లు నిజంగానే గ్రీన్ కార్డు కావాలనుకున్నా అదే అడ్డు వస్తుంది. పైగా గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-130 పిటిషన్ తీసుకున్నదీ, విజిటర్ వీసాకి నింపే డీఎస్-160 ఫారం చదువుతున్నదీ ఒకే ప్రభుత్వం. దాస్తే దాగేది కాదు.

డీఎస్-160లో ప్రశ్న సూటిగా ఉంటుంది: మీ తరఫున ఎవరైనా ఎప్పుడైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా? ‘ఎప్పుడైనా’ అన్న మాట గమనించండి. పిటిషన్ వెనక్కి తీసుకున్నా, గడువు తీరి రద్దయినా, మీరు మర్చిపోయినా జవాబు ‘ఎస్’ అనే. దాని కింద వివరం రాయమని ఒక గడి తెరుచుకుంటుంది. ఎవరు వేశారు, ఏ సంవత్సరం, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఎందుకు ముందుకు వెళ్లలేదు. నాలుగు ముక్కల్లో రాస్తే చాలు. కథ అక్కర్లేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2012లో అమ్మానాన్నలకి విజిటర్ వీసా వచ్చింది. నేను సిటిజన్ అయ్యాక, 2014లో ఇద్దరికీ పిటిషన్లు వేశాను. 21 ఏళ్లు నిండిన సిటిజన్లు తల్లిదండ్రులకి వేస్తే కోటా క్యూ ఉండదు, అందుకే త్వరగానే అప్రూవ్ అయ్యాయి. వీసా సెంటర్ నుంచి ఫీజు కట్టమని నోటీసు వచ్చింది. నాన్న ఆ కాగితం చూసి, "ఆడపిల్ల ఇంట్లో ఎన్నాళ్లుంటాం అమ్మా, చుట్టపుచూపుగా వస్తాం" అన్నారు. నేను బతిమాలాను, ఏడ్చాను కూడా. ఆయన కదల్లేదు. ఆ నోటీసు వచ్చాక ఏడాదిలోగా మనం ముందుకు కదలకపోతే ఆ కేసు రద్దయిపోయే నిబంధన ఉంది. మాది అలాగే ముగిసింది.

2022లో విజిటర్ వీసా గడువు తీరింది. నాన్న నాతో చెప్పకుండా ఊళ్లో ఒక ఏజెంటు దగ్గర ఫారం నింపించారు. నన్ను కష్టపెట్టడమెందుకని ఆయన ఉద్దేశం. ఆ ఏజెంటు పిటిషన్ ప్రశ్నకి ‘నో’ కొట్టేశాడు. అడిగితే, "అందరికీ నో నే పెడతామండీ, లేకపోతే రిజెక్ట్ అవుతుంది" అన్నాడట. సబ్‌మిట్ చేసిన ఫారం కాపీ వాట్సాప్‌లో పంపమని నేను అడగబట్టి బయటపడింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. డీఎస్-160 ఒకసారి సబ్‌మిట్ చేశాక దిద్దడానికి కుదరదు. కానీ కొత్తది నింపి, ఆ కొత్త నంబరుని అపాయింట్‌మెంట్ అకౌంటులో మార్చుకోవచ్చు. ఇంటర్వ్యూ రోజుదాకా ఆగకుండా ముందే చేసుకోవాలి. మేమదే చేశాం. ఫారం ఎవరు నింపినా కింద సంతకం మీ నాన్నదే, బాధ్యతా ఆయనదే. ఏజెంటు చేశాడంటే ఎవరూ వినరు.

ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడ మేం ఊహించనిది జరిగింది. ఎక్కడ బస చేస్తారని అడిగితే అమ్మ, "మా అమ్మాయి దగ్గరే ఉంటామండీ" అంది. ఆవిడ ఉద్దేశం వెళ్లిన నాలుగు నెలలూ హోటల్లో కాదు, కూతురింట్లో అని. తెలుగులో ‘ఉంటాం’ అంటే కొన్నాళ్లు బస చేస్తామనీ అవుతుంది, అక్కడే కాపురం ఉంటామనీ అవుతుంది. పిటిషన్ ఒకటి వెనక ఉన్న కుటుంబం నోట ఆ మాట రెండో అర్థంలో వినిపించడంలో ఆఫీసర్ తప్పేమీ లేదు. 214(బి) కింద కాదన్న కాగితం చేతిలో పెట్టారు. దానికి అప్పీలు ఉండదు. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అడగాల్సిందే.

మరుసటి ఏడాది మళ్లీ వేశాం. అప్పటికి ఫీజు మనిషికి 185 డాలర్లయింది, ఇద్దరికీ 370. ఈసారి నేను అమ్మకి జవాబులు బట్టీ పట్టించలేదు. ఆ పని మీరూ చేయకండి, బట్టీ పట్టిన మాట ఇట్టే తెలిసిపోతుంది. నేను చేసిందల్లా రోజూ సాయంత్రం ఫోనులో, ఎన్నాళ్లకి వెళ్తున్నావు, ఎప్పుడు తిరిగొస్తావు, వచ్చి ఏం చేస్తావు అని మామూలుగా మాట్లాడించడం. అమ్మ నోట తేదీలు వచ్చాయి. "సంక్రాంతి అయ్యాక వెళ్తాం, ఎండాకాలం చివర్లో వచ్చేస్తాం, నవంబరులో ఈయన పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి" అని. నాన్న ఒడిశా ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరయ్యారు. గ్రీన్ కార్డుకి ఎందుకు వెళ్లలేదని అడిగితే, నాతో అన్న మాటే అక్కడా అన్నారట. ఆడపిల్ల ఇంట్లో ఎన్నాళ్లుంటాం అని. వీసా వచ్చింది.

ఇప్పుడు మన సరిహద్దు ఊళ్ల సంగతి. ఒడిశా కూడా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోనే ఉంది. పలాస వెళ్లో, బరంపురంలోనో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే సరిపోతుంది, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. అంతవరకు సుఖమే. కష్టం కాగితాల్లో ఉంది.

పర్లాకిమిడి 1992 అక్టోబరు 2 దాకా గంజాం జిల్లాలో ఉండేది, ఆ రోజు గజపతి జిల్లా ఏర్పడింది. అదే రోజు కోరాపుట్ నుంచి రాయగడ విడివడింది. 2011లో ఒరిస్సా పేరు ఒడిశాగా మారింది. బరంపురం ఒక కాగితంలో బెర్హంపూర్, ఇంకో కాగితంలో బ్రహ్మపుర్. దీనివల్ల పాత పిటిషన్‌లో పుట్టిన చోటు ఒకలా, కొత్త పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. పాత పిటిషన్ కాపీ ముందు పెట్టుకుని డీఎస్-160 నింపండి. ఇప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. తేడా గురించి అడిగితే జిల్లా విడిపోయిందని ఒక్క వాక్యంలో చెప్పేలా ఉండండి. మీ కాపీ పోయి ఉంటే పిటిషన్ వేసిన మీ అన్నయ్యనో అక్కనో అడగండి. అప్రూవల్ నోటీసులో తేదీ, కేసు నంబరు ఉంటాయి.

పేర్లు ఇంకా పెద్ద తలనొప్పి. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా రికార్డుల్లో చివర. ఒడియాలో ‘వ’ ‘బ’గా మారిపోతుంది కదా, బడి సర్టిఫికెట్‌లో విశ్వనాథం గారు బిస్వనాథ్ అవుతారు, వాసుదేవరావు గారు బాసుదేబ్ అవుతారు. పాస్‌పోర్టు ఒక పేరుతో, పింఛను పుస్తకం ఒక పేరుతో ఉన్నవాళ్లు మా వీధిలోనే అయిదారుగురు. డీఎస్-160లో వేరే పేర్లు ఎప్పుడైనా వాడారా అనే ప్రశ్న ఉంది. అక్కడ ఆ రెండో పేరు రాసేయండి. పాత పిటిషన్‌లో బిస్వనాథ్ అని ఉండి, ఇప్పుడు విశ్వనాథం మాత్రమే రాస్తే, పేరు మార్చి పిటిషన్ దాచారన్న అనుమానం రాకూడదు.

బరంపురం నుంచి ఒక తమ్ముడు వేరే రకం సందేహం అడిగాడు. వాళ్ల అక్క 2010లో తమ్ముడి పేరున పిటిషన్ వేసింది. అతనికి ఊళ్లో పట్టుచీరల వ్యాపారం, ఇప్పుడు మేనకోడలి పెళ్లికి రావాలి. సిటిజన్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కేటగిరీలో ఇండియా క్యూ ఎంత పొడవో తెలుసా? 2006 నాటి పిటిషన్లే ఇప్పుడిప్పుడు కదులుతున్నాయి. అంతకాలం అక్కని చూడటానికి రాకూడదని చట్టం అనదు. ఎప్పుడో నంబరు వచ్చినప్పుడు పద్ధతి ప్రకారం వస్తాననడం, ఇప్పుడు పెళ్లికి వచ్చి మూడు వారాల్లో దుకాణానికి తిరిగి వెళ్తాననడం, రెండూ నిజం కావచ్చు. అతనికి నేను చెప్పింది దుకాణం జీఎస్టీ కాగితాలు, పెళ్లి శుభలేఖ దగ్గర పెట్టుకోమని. అక్క ఇచ్చే స్పాన్సర్ లెటర్ మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాను. ఆఫీసర్‌కి కావాల్సింది అతను వెనక్కి రావడానికి కారణం, అక్క బ్యాంకు బ్యాలెన్స్ దానికి జవాబు కాదు.

గ్రీన్ కార్డు తీసుకుని, ఇక్కడ ఉండలేక ఊరికి వెళ్లిపోయిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ముందు ఐ-407 ఫారంతో కార్డు అధికారికంగా వదులుకుని, ఆ కాపీ చేతిలో పెట్టుకుని విజిటర్ వీసాకి వేయాలి. మీరు ఎప్పుడైనా పర్మనెంట్ రెసిడెంట్‌గా ఉన్నారా అని డీఎస్-160లో అడుగుతారు. ఈ రకం కేసుల్లో, అమెరికాలో స్థిరపడటం వాళ్లకి ఇష్టం లేదని ఆ కాగితమే చెబుతుంది.

ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్ సంగతి. ఒకప్పుడు వీసా గడువు తీరిన నాలుగేళ్లదాకా కాగితాలు డ్రాప్‌బాక్స్‌లో ఇస్తే సరిపోయేది. 2025 ఫిబ్రవరిలో అది 12 నెలలకి తగ్గింది. గతంలో కాదన్న వీసా ఏదైనా ఉండి, తర్వాత అది రాకపోయి ఉంటే ఆ సౌకర్యం లేదు. అర్హత ఉన్నా ఆఫీసర్ పిలవవచ్చు. పిటిషన్‌కి ‘ఎస్’ పెట్టినవాళ్లు పిలుస్తారనే అనుకుని సిద్ధంగా ఉండండి. అందుకని చెల్లీ, మీవాళ్ల గడువు తీరాక నిర్లక్ష్యంగా కూర్చోకండి.

పాత ప్రయాణాల లెక్క తీయండి. మీ తరఫున మాట్లాడే బలమైన సాక్ష్యం అదే. వీసా పదేళ్లున్నా, ప్రతిసారీ ఉండనిచ్చేది దేశంలోకి వచ్చినప్పుడు నమోదు చేసే ఐ-94 రికార్డులో రాసిన తేదీదాకానే, మామూలుగా ఆరు నెలలు. ప్రతిసారీ ఆ తేదీలోపు వెళ్లిపోయారా? 2020లో విమానాలు ఆగి చిక్కుకుపోయి పొడిగింపుకి ఐ-539 వేసినవాళ్లు ఆ రసీదులు దాచి ఉంటారు, బయటికి తీయండి. గడువు దాటి 180 రోజులకి మించి ఉండి వెళ్లిన చరిత్ర ఉంటే మాత్రం ఫారం ముట్టుకోకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవండి. అది మూడేళ్లో, పదేళ్లో నిషేధం పడే విషయం.

చివరగా ఒకటి, కాస్త గట్టిగానే చెబుతాను. "విజిటర్ మీద తెచ్చేసి ఇక్కడే గ్రీన్ కార్డుకి వేసేద్దాం" అని ముందే అనుకుని రెన్యువల్ చేయించకండి. ఇక్కడికి వచ్చాక మనసు మారితే ఇక్కడే అప్లై చేసే దారి చట్టంలో ఉంది, నిజమే. కానీ విమానం ఎక్కేటప్పుడే ఆ ఆలోచన ఉంటే, చూసి వెళ్తామని ఆఫీసర్‌తో అన్నది అబద్ధం అవుతుంది. దిగిన 90 రోజుల్లోపే అలాంటి పని చేస్తే అనుమానం మరింత బలపడుతుంది. అమ్మానాన్నలు నిజంగా ఇక్కడే ఉండాలనుకుంటే కొత్త ఐ-130 వేయండి. ఇండియాలో ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ముంబయిలో జరుగుతాయి. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబయిలోనే దింపుతుంది.

కాబట్టి చెల్లీ, ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి తీరిగ్గా అడుగు, ఉండటానికా, చూసి వెళ్లడానికా అని. అమ్మగారిని విడిగా అడుగు, ఇద్దరి మాటా ఒకటే అవ్వాలని లేదు. ఆ జవాబు దొరికాక అన్నయ్య దగ్గర పిటిషన్ నోటీసు తీసుకుని నువ్వే ఫారం నింపు. సబ్‌మిట్ నొక్కేముందు ప్రతి ప్రశ్నా వాళ్లకి తెలుగులో చదివి వినిపించు.