రెండు నెలలు పక్కన పెట్టిన బ్రష్ కట్టర్‌కి ఏ పెట్రోల్ పోయాలి?

అన్నా, చోక్ వేస్తే స్టార్టయి, తీయగానే ఆగిపోతోందన్నారు కదా, నా అనుమానం ట్యాంకులో మిగిలిపోయిన పాత పెట్రోల్ మీదే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఫిల్టర్ ఉండేది కూడా అక్కడే. కార్బరేటర్‌లో పెట్రోల్‌ని అందించే పల్చని పొర, అదే డయాఫ్రమ్, అది కూడా గట్టిపడుతుంది.

ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చండి. తర్వాత కొత్త పెట్రోల్‌లో 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోల్‌లోనే కలిపే ఆయిల్) కలపండి. మాన్యువల్‌లో 50:1 (50 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అయితే 40. కంటికి అంచనా వేసి పోయకండి, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఖరీదైన పవర్ పెట్రోల్ కొనక్కర్లేదు. దాంట్లో ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ, అంతమాత్రాన ఇథనాల్ లేదని కాదు, ఈ చిన్న ఇంజిన్‌కి దాంతో పనీ లేదు. దుకాణాల వాళ్లు ఊరికే అంటగడతారు.

అప్పటికీ ఆగిపోతుంటే కార్బరేటర్ కిట్ (కొత్త డయాఫ్రమ్ వగైరా ఉండే సెట్) వేయించండి. ఇకపై నెలకు సరిపడా మాత్రమే కలుపుకోండి. పక్కన పెట్టే ముందు ట్యాంకు వంపేసి, దానంతటదే ఆగేదాకా నడపండి.