ఫోనులో జ్ఞాపకశక్తి పరీక్ష: ముందు చెవి సంగతి చూడు

అమ్మాయీ,

పెద్దవాళ్లకు ఫోను చేసి జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే పనిలో చేరుతున్నావని విని చాలా సంతోషించాను. నీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మతిని కొలిచే ముందు చెవి సంగతి చూడు.

పది మాటలు చదివి తిరిగి చెప్పమంటావు. అందులో మూడు సరిగా వినపడకపోతే అవి మరిచిపోయినవి కావు, అసలు లోపలికి వెళ్లనివి. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే జాబితాలో లేని నాలుగైదు మాటలు ముందుగా చెప్పి, వాటిని వెంటనే తిరిగి పలకమను. తడబడితే వినికిడి యంత్రం పెట్టుకున్నారా, టీవీ కట్టేశారా అని అడుగు. అప్పటికీ వినపడకపోతే పరీక్ష ఇంకో రోజుకు మార్చు. అనుమానంతో తెచ్చిన స్కోరు కన్నా స్కోరు లేకపోవడమే మేలు.

వాళ్ల ఎదురుగా ఏముందో నీకు కనబడదు. గోడ మీద క్యాలెండర్ ఉండవచ్చు, చేతిలో పెన్ను ఉండవచ్చు, పక్కన కూతురు కూర్చుని తేదీ అందించవచ్చు. ఆమె ప్రేమతోనే చెబుతుంది, కానీ ఆ ప్రేమ జబ్బును దాచేస్తుంది. కాగితం, పెన్ను పక్కన పెట్టమని, జవాబులు అందించవద్దని మొదటే మర్యాదగా చెప్పు.

మాటలన్నీ ఒకే వేగంతో, రాగం తీయకుండా చదువు. "బాగా చెప్పారు" అనాలని నాలుక మీదకు వస్తుంది, ఆపుకో. మౌనాన్ని భరించడం నేర్చుకో, అవతల మనిషి ఆలోచిస్తూ ఉండవచ్చు. 100 నుంచి ఏడేసి చొప్పున తీసివేయమన్నప్పుడు 93కు బదులు 92 అని, తర్వాత 85 అంటే, తప్పు మొదటిది ఒక్కటే. రెండోదానికి మార్కు ఇవ్వాలి.

1975లో వచ్చిన, ఎదురుగా కూర్చోబెట్టి చేసే ఎంఎంఎస్ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షకు 30 మార్కులు. అందులో బొమ్మ చూసి గీయడం కూడా ఉంటుంది. 1988లో ఫోను కోసమే తయారైన టిక్స్‌ అనే పరీక్షకు 41. ఈ రెండు స్కోర్లను నేరుగా పోల్చకు. ఎంతవరకు చదువుకున్నారో తప్పక రాయి. బడి ముఖం చూడని మనిషి తీసివేతలో ఆగిపోతే దాన్ని మతిమరుపు అనలేం.

వాళ్లు భయపడుతూ ఫోను ఎత్తుతారు, అది మరిచిపోకు. కొన్ని ప్రశ్నలు తేలిక, కొన్ని ఎవరికైనా కష్టమేనని ముందే చెప్పు. చివర్లో "నాకు మతి పోయిందా తల్లీ?" అని అడిగితే నీ అంతట నువ్వు తీర్పు చెప్పకు. దిగులు, నిద్రలేమి, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తక్కువవడం, కొన్ని మందులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. ఈ పరీక్ష డాక్టరు దగ్గరకు వెళ్లాలో లేదో చెబుతుంది, అంతే.

ఇంకొకటి. ప్రశ్నలు మొదలుపెట్టకముందే వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఆ చిరునామా, ఇంట్లో మరొకరి నంబరు రాసుకో. మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా, పొద్దుటి నుంచే అయోమయంగా ఉన్నారని ఇంట్లోవాళ్లు అన్నా, పరీక్ష అక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాల్సింది నువ్వే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ